కారవాన్ యాత్ర: సీమ నేలపై భారం ఎక్కడ పడుతుంది?

సంక్షిప్తంగా: కారవాన్‌లో తిరగడం దానంతట అదే పర్యావరణ హితం కాదు. డీజిల్ లెక్కలో అది కారుకన్నా బరువైనది. హోటల్ గది తప్పినంత మాత్రాన ఆ తేడా పూడదు. పైగా రాయలసీమలో చిక్కంతా బండి ఆగాక మొదలవుతుంది: రాత్రి ఏసీ, వాడిన నీరు, మరుగుదొడ్డి ట్యాంకు. ప్రయాణానికి తగిన కాలం, ఆగే చోటు, ట్యాంకు ఖాళీ చేసే ఏర్పాటు ముందే చూసుకుంటే తగ్గే భారం, బండికి ఖరీదైన పరికరాలు బిగిస్తే తగ్గేదానికంటే ఎక్కువ.

పడక, వంటగట్టు, చిన్న ఫ్రిజ్, మరుగుదొడ్డి అన్నీ ఒకే వ్యానులో అమర్చిన కారవాన్లు మన రోడ్లకు కొత్త. సినిమా షూటింగుల దగ్గర తప్ప కనిపించని ఈ బండ్లు ఇప్పుడు పర్యాటకుల చేతికి వస్తున్నాయి. కేరళ 2021లో కారవాన్ పర్యాటక విధానం ప్రకటించినప్పుడు బండ్లతోపాటు అవి ఆగే పార్కులను కూడా అందులో చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ గండికోట వంటి చోట్లకు కారవాన్లు నడిపే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలు ఇందుకు అనువుగా కనిపించడంలో వింత లేదు. బెలూం గుహలు, యాగంటి, గండికోట, తాడిపత్రి, లేపాక్షి ఒకదానికొకటి రోడ్డు ప్రయాణం దూరంలోనే ఉన్నాయి. వీటిలో చాలాచోట్ల మంచి బస దొరకడం కష్టం. బసను వెంట తీసుకెళ్లే బండి ఆ లోటు తీరుస్తుంది.

అయితే ఈ యాత్రను ‘ప్రకృతికి దగ్గరగా’, ‘పచ్చని ప్రయాణం’ అంటూ ప్రచారం చేయడం ఎంతవరకు సబబన్నది లెక్క వేసి చూడవలసిన విషయం.

### డీజిల్ ముందు దాపరికం లేదు

ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. బండి ఏదైనా ఈ అంకె మారదు. మారేది మైలేజీ, ఎక్కిన మనుషుల సంఖ్య. బెంగళూరు నుంచి గండికోటకు సుమారు 280 కిలోమీటర్లు. లీటరుకు 8 కిలోమీటర్లు ఇచ్చే కారవాన్ ఒకవైపు ప్రయాణానికి 35 లీటర్లు తాగుతుంది. అంటే దాదాపు 94 కిలోల కార్బన్ డయాక్సైడ్. నలుగురు ఎక్కితే తలకు 23 కిలోల పైమాట. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే డీజిల్ కారులో అదే నలుగురు వెళ్తే తలకు 12 కిలోల చిల్లర. లీటరుకు 5 కిలోమీటర్లే ఇచ్చే బస్సులో సైతం 40 మంది కూర్చుంటే తలకు 4 కిలోలు దాటదు.

హోటల్ గది అవసరం తప్పుతుంది కదా అన్నది కారవాన్ వైపు వినిపించే ప్రధాన వాదం. రెండు ఏసీ గదులు రాత్రికి 16 యూనిట్ల కరెంటు వాడతాయనుకుందాం. దేశంలో యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల చొప్పున వేసుకుంటే రాత్రికి 11 కిలోలు. కారుతో పోలిస్తే రానుపోను ప్రయాణంలో కారవాన్ అదనంగా వదిలింది 85 కిలోలకు పైనే. ఆ తేడా పూడాలంటే ఏసీ ముట్టుకోకుండా బండిలో ఎనిమిది రాత్రులు గడపాలి. వారాంతపు యాత్రికుల్లో అంత ఓపిక ఎందరికి ఉంటుందో చెప్పనక్కర్లేదు.

దూరప్రయాణాన్ని రైలుకు వదిలి, చుట్టుపక్కల తిరగడానికి మాత్రమే కారవాన్ తీసుకుంటే ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది. చెన్నై–ముంబై మార్గం మీద కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి వరుసగా ఉన్నాయి. 2016లో పూర్తయిన నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరులను కలిపింది. గండికోట నుంచి బెలూంకు సుమారు 60 కిలోమీటర్లు. జమ్మలమడుగులో బండి అద్దెకు దొరికే రోజు వస్తే, వందల కిలోమీటర్లు ఖాళీ పడకలను మోసుకొచ్చే అవసరం తీరిపోతుంది. ఇప్పటికి మాత్రం అద్దె బండ్లన్నీ పెద్ద నగరాలను పట్టుకునే ఉన్నాయి.

### వేగం, గేరు

కారవాన్ ముఖభాగం ఎత్తుగా, చదునుగా ఉంటుంది. గాలి ఎదురు నెట్టే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళ్తే వేగం మూడో వంతు పెరిగినట్టు, గాలి నిరోధం మాత్రం సుమారు 1.8 రెట్లు అయినట్టు. కర్నూలు–అనంతపురం మధ్య 44వ నంబరు జాతీయ రహదారి ఎంత సాఫీగా ఉన్నా, ఎత్తయిన బండికి 65–70 దాటితే ప్రతి అదనపు కిలోమీటరు వేగానికీ డీజిల్ రూపంలో మూల్యం ఎక్కువే.

దిగుడులో న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుందని డ్రైవర్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. కడప–రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు దీన్ని పాటించేవారు ఉన్నారు. నేటి ఇంజన్లలో జరిగేది దీనికి విరుద్ధం. గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, ఇంధనం సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం పోస్తూనే ఉండాలి. పైగా నాలుగు టన్నుల బండి భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి, పట్టు సడలుతుంది. కింది గేరులో దిగడం డీజిల్‌కూ ప్రాణానికీ మేలు.

### రాత్రి ఏసీ: నాలుగు రెట్ల తేడా

ఏప్రిల్, మే నెలల్లో ఈ మూడు జిల్లాల్లోనూ పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం మామూలే. అందులోనూ కడపది వేరే కథ. పాలకొండలు, నల్లమల, శేషాచలం కొండల నడుమ పల్లంలో ఉన్న ఊరు కావడంతో పగటి వేడి రాత్రి కూడా త్వరగా దిగదు. రేకు గోడల బండిలో ఆ వేడిని ఓర్చుకోవడం కష్టం. ఏసీ ఎలా నడుపుతారన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది.

ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేస్తే గంటకు లీటరు డీజిల్ అనుకున్నా, ఎనిమిది గంటలకు 21 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్. అదే బండిని ప్లగ్ పాయింటుకు తగిలించి టన్ను ఇన్వర్టర్ ఏసీ నడిపితే ఏడెనిమిది యూనిట్లు, అంటే 5 కిలోలకు కాస్త అటూఇటూ. చల్లదనం అదే, భారంలో నాలుగు రెట్ల తేడా. ఇంజన్ నడుస్తుండగా బండిలో నిద్రపోవడం ప్రాణాపాయం కూడా. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు.

పైకప్పు మీద సౌర పలకలు ఉంటే సరిపోతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. సీమ ఎండకు సౌరవిద్యుత్తు కొత్త కాదు. ఓర్వకల్లు ప్రాంతంలోని కర్నూలు సౌర పార్కు సామర్థ్యమే 1000 మెగావాట్లు. కానీ బండి పైకప్పు వైశాల్యం కొంచెమే. 400 వాట్ల పలకలు నష్టాలన్నీ పోను రోజుకు ఒకటిన్నర యూనిట్ ఇస్తాయి. ఎండ ఎక్కువైతే ఉత్పత్తి పెరుగుతుందనుకోవడం కూడా పొరపాటు. వెలుతురు పెరిగితే పెరుగుతుంది, వేడి పెరిగితే తగ్గుతుంది. పలక 25 డిగ్రీల మీద వేడెక్కే ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున సామర్థ్యం కోల్పోతుంది. మే నెల మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరితే ఆరో వంతు పోయినట్టే. ఆ ఒకటిన్నర యూనిట్‌తో ఫ్యాన్లు, దీపాలు, ఫోన్లు, చిన్న ఫ్రిజ్ నడుస్తాయి. రాత్రంతా ఏసీ నడవదు.

మరో పేచీ చెట్టు నీడ దగ్గర వస్తుంది. చింతచెట్టు కింద ఆపితే బండి చల్లగా ఉంటుంది, పలకకు ఎండ తగలదు. ఎండలో ఆపితే పలక పనిచేస్తుంది, లోపల కూర్చోలేరు. పలకను పైకప్పుకు బిగించకుండా పొడవాటి తీగతో విడిగా ఎండలో పరుచుకునే ఏర్పాటు ఈ పేచీని తేలిగ్గా తీరుస్తుంది. బండిని నీడలో ఆపి పలకను నాలుగు బారల దూరంలో ఎండకు పెట్టుకోవచ్చు. బండి కొనేవారు దీని గురించి అడగరు, అమ్మేవారు చెప్పరు.

వీటన్నిటికంటే పనికొచ్చేది క్యాలెండర్. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల లోపే ఉంటుంది. కిటికీకి దోమతెర, ఒక దుప్పటి ఉంటే ఏసీ ప్రశ్నే రాదు. వేసవి సెలవుల్లోనే కారవాన్ ఎక్కాలన్న పట్టుదల ఉన్నంతకాలం బండికి ఎన్ని హంగులు పెట్టినా వృథా.

### నీరు తక్కువే వాడతారు, ఎక్కడిదన్నదే ప్రశ్న

దేశంలో వర్షపాతం అతి తక్కువగా ఉండే జిల్లాల్లో అనంతపురం ఒకటి; సగటు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య చాలా గ్రామాల్లో ఉంది. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం మొదలుకావడానికి ఇదే నేపథ్యం. వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు వరుసపెట్టే ఊళ్లు ఈ మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి.

నిజానికి నీటి వాడకంలో కారవాన్‌ను మెచ్చుకోవాలి. గ్రామీణ కుళాయి పథకమైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. కారవాన్ ట్యాంకులో ఉండేది 100 నుంచి 150 లీటర్లు. నలుగురికి పంచితే తలకు పాతిక నుంచి నలభై లీటర్లలోపే. హోటల్లో షవర్ కింద అరగంట నిలబడే మనిషి కూడా ట్యాంకు మట్టం కళ్లెదుట పడిపోతుంటే చెంబుతో స్నానం ముగిస్తాడు. పొదుపు బోధించాల్సిన పని ట్యాంకే చేస్తుంది.

ఇబ్బంది నింపే దగ్గర ఉంది. ఊరి వీధి కుళాయి నుంచి పైపు తగిలిస్తే ఆ 150 లీటర్లు ఒక ఇంటి వంతు. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లో అది చిన్న విషయం కాదు. బయలుదేరిన పట్టణంలోనో, బస కుదిరిన హోటల్లోనో, డబ్బు తీసుకుని పోసే నీటి శుద్ధి కేంద్రంలోనో నింపుకోవడం న్యాయం. తాగునీటికి 20 లీటర్ల క్యాన్ ఒకటి వెంట ఉంటే నలుగురికి రెండు రోజులు సరిపోతుంది; ఆ మేరకు ఇరవై లీటరు సీసాలు కొని పారేసే పని తప్పుతుంది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలపై దేశమంతటా నిషేధం అమల్లోకి వచ్చినా, నీళ్ల సీసాలు ఆ జాబితాలో లేవు. గండికోట దారిలో పొదలకు చిక్కుకుని కనిపించేవి ఎక్కువగా అవే.

### మూడు నేలలు, మురుగుకు మూడు దారులు

ట్యాంకులోకి ఎంత నీరు పోతే దాదాపు అంతా మురికిగా బయటికి వస్తుంది. ఒక్క బండి నుంచి రాత్రికి వంద లీటర్లు అనుకుంటే పది బండ్లు ఆగిన చోట వెయ్యి లీటర్లు. గిన్నెలు కడిగిన సబ్బునీరే కదా అని వాల్వు తిప్పేసేవారు అది ఏ నేల మీద పడుతోందో చూడరు. సీమలో నేల మారినప్పుడల్లా ఫలితం మారుతుంది.

కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు. సబ్బునీరు మడుగు కట్టి దోమలకు నెలవవుతుంది. తడిసిన రేగడిలో బరువైన బండి దిగబడితే తీయడానికి ట్రాక్టరు రావాలి. చక్రాల కింద అణగిపోయిన నేల ఆ తర్వాత సేద్యానికి మొరాయిస్తుంది. అనంతపురం ఎర్రనేలలు వేరు. అక్కడ నీరు త్వరగా ఇంకుతుంది, పై పొరలోని సూక్ష్మజీవులు సబ్బును, నూనెను కొంతమేర విడగొడతాయి. కొద్దిపాటి పాత్రల నీటిని నీటివనరుకు కనీసం 60 మీటర్ల దూరంలో, వెడల్పుగా చల్లేస్తే అక్కడ పెద్ద నష్టం ఉండదు.

అసలు జాగ్రత్త కావలసింది సున్నపురాయి నేలల్లో. కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల, తాడిపత్రి ప్రాంతాల్లో నాపరాయి, సున్నపురాయి పొరలు విస్తారంగా ఉన్నాయి. వాననీటిలోని స్వల్ప ఆమ్లగుణం ఈ రాయిని లక్షల ఏళ్లుగా కరిగిస్తూ పగుళ్లను, బిలాలను ఏర్పరచింది. బెలూం గుహలు అలా పుట్టినవే. వాటి పొడవు 3,229 మీటర్లు. లోపల అట్టడుగున పాతాళగంగ అనే చిన్న నీటిపాయ పారుతూ రాతిలోకి మాయమవుతుంది. ఆ నీరు ఎక్కడ తేలుతుందో పైన నిలబడ్డవారికి తెలిసే వీలు లేదు. మామూలు మట్టిలో నీరు ఇసుక, బంకమన్ను పొరల గుండా నెమ్మదిగా వడకట్టుకుంటూ దిగుతుంది. సున్నపురాయిలో పగులు దొరికితే వడపోత అన్నదే ఉండదు. పైన పోసిన మురుగు ఏ శుద్ధీ లేకుండా బావుల నీటిలో కలిసే ప్రమాదం ఉంది. బెలూం చుట్టుపక్కల సబ్బునీరైనా సరే నేల మీద వదలకూడదనడానికి కారణం ఇదే. గండికోటలో రాయి వేరు, అక్కడ వాలు సమస్య. లోయ అంచున వదిలింది వానకు పెన్నాలోకి, అక్కడి నుంచి దిగువనున్న మైలవరం జలాశయానికి చేరుతుంది.

మరుగుదొడ్డి ట్యాంకు విషయంలో నేలతో నిమిత్తం లేదు, ఎక్కడా బయట వదలరాదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. దుర్వాసన రాకుండా ఆ ట్యాంకులో పోసే రసాయనాల్లో కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అది సూక్ష్మజీవులను చంపడం వల్లే వాసన ఆగుతుంది. ఆ ట్యాంకును తెచ్చి ఏ హోటల్ సెప్టిక్ ట్యాంకులోనో కుమ్మరిస్తే అక్కడ వ్యర్థాన్ని విడగొట్టే సూక్ష్మజీవులూ చస్తాయి. సెప్టిక్ ట్యాంకు ఒక తోడు వేసిన పాలకుండ లాంటిది. తోడు చస్తే పాలు విరిగిపోతాయే తప్ప పెరుగు కావు. సూక్ష్మజీవులు, ఎంజైములతో పనిచేసే మందులు దొరుకుతున్నాయి, వాటితో ఈ బెడద లేదు. పగలంతా హోటళ్లు, పెట్రోలు బంకులు, ఆలయాల మరుగుదొడ్లు వాడుకుని బండిలోనిది రాత్రి అత్యవసరానికే ఉంచుకుంటే 20 లీటర్ల డబ్బా కూడా రెండు రోజులు నిండదు.

### ‘ఖాళీ’ స్థలాలు

ముళ్లపొదలు, గడ్డి, రాళ్లు తప్ప ఏమీ కనిపించని చోటు బండి ఆపడానికి అనువుగా తోస్తుంది. సీమలో ఆ ఏమీ లేని చోట్లే కొన్ని జీవులకు ఆఖరి ఆశ్రయం. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది కడప జిల్లాలోని అలాంటి పొదల మధ్యే. ఆ తర్వాత శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. కలివికోడి రాత్రి తిరిగే పక్షి, నేల మీదే బతుకుతుంది. పొదల నడుమ ఖాళీ జాగాలే దానికి మేత దొరికే తావులు. కారవాన్ డ్రైవరు కంటికి ఆనేవీ సరిగ్గా ఆ జాగాలే. నందికొట్కూరు సమీపంలోని రోళ్లపాడు గడ్డిభూములను బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. గడ్డిని బంజరుగా చూసే అలవాటు ఆ పక్షికి ఎంత చేటు చేసిందో రోళ్లపాడు చరిత్ర చెబుతుంది.

రోడ్డు దిగకుండా, ఇప్పటికే గట్టిపడిన నేల మీదే ఆపడం, బయటి దీపాలు ఆర్పేయడం, జనరేటర్ వేయకపోవడం ఇక్కడ పాటించవలసినవి. శ్రీశైలం వెళ్లే అడవి దారుల్లో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను అనుమతించరు. ఆ వేళకు చెక్‌పోస్టు చేరలేని కారవాన్ అడవి అంచునే తెల్లవారేదాకా ఇంజన్ నడుపుతూ కూర్చుంటే నిబంధన ఉద్దేశం నెరవేరదు. ఆత్మకూరులోనే ఆగడం మేలు. అహోబిలం, మహానంది దారుల్లో కోతులకు అరటిపండ్లు విసరడం భక్తి కిందికి రాదు, వాటిని రోడ్డు మీదికి రప్పించి చక్రాల కింద పడేయడమే అవుతుంది.

వంట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొండల మీద ఎండిన బోద గడ్డి ఉన్న ఫిబ్రవరి–మే నెలల్లో బయట మంట వేయరాదు. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం రాగిసంగటి ఊరి హోటల్లో తిని, స్టీలు క్యారియరులో రాత్రికి కట్టించుకుంటే గ్యాసు, కడుగునీరు, పొట్లాల చెత్త ఒక్కసారే తగ్గుతాయి. ఊరివాళ్లకు నాలుగు రూపాయలు అందుతాయి కూడా. కారవాన్ యాత్రికులు సరుకులన్నీ నగరంలో కొని తెచ్చి, చెత్త మాత్రం పల్లెలో వదిలి వెళ్తారన్న ఫిర్యాదుకు ఇది కొంత జవాబు.

### వాల్వు తిప్పేది ఎవరు?

ఇంతవరకు చెప్పినవన్నీ యాత్రికుల అలవాట్లు. అద్దె కారవాన్లలో కీలకమైన ఒక్క పని మాత్రం వారి చేతిలో ఉండదు. ట్యాంకు ఖాళీ చేసేది డ్రైవరు. అది సాధారణంగా యాత్రికులు దిగిపోయాక, తిరుగు దారిలో, వేకువజామున జరుగుతుంది. పట్టణంలో సెప్టిక్ ట్యాంకు బండిని పిలిస్తే డబ్బు అడుగుతారు. వంక పక్కన వాల్వు తిప్పితే పైసా ఖర్చు లేదు. కిలోమీటరుకు ఇంత, డ్రైవరు బత్తా ఇంత అని ఉండే అద్దె రసీదులో ట్యాంకు ఖాళీ చేసే ఖర్చుకు చోటు లేకపోతే ఆ డ్రైవరు ఏ దారి ఎంచుకుంటాడో ఊహించవచ్చు.

పార్కుల ప్రాధాన్యం ఇక్కడ తెలుస్తుంది. ప్లగ్ పాయింటు, మంచినీటి కుళాయి, మురుగు దించే గుంత ఉన్న పార్కు ఒక్కటున్నా డీజిల్ ఏసీ, వీధి కుళాయి, వంక పక్కన వాల్వు మూడూ ఒకేసారి అనవసరమవుతాయి. బండ్లు ముందొచ్చి పార్కులు తర్వాత వస్తే ఆ మధ్యకాలపు భారం పంచాయతీల నెత్తిన పడుతుంది. వాటికి ఆ బండ్ల నుంచి ఆదాయం రాదు, చెత్త ఎత్తే మనుషులు తక్కువ. ఒకేచోట రెండు మూడు రాత్రులు ఉంటే డీజిల్ తగ్గుతుందన్న సలహా కూడా పార్కు ఉన్నచోటే చెల్లుతుంది. లేనిచోట అది మురుగును ఒకే చోట పోగేస్తుంది.

అప్పటివరకు బండి మాట్లాడుకునేటప్పుడు మైలేజీ, ఏసీ గురించి అడిగినట్టే ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారో, అందుకు ఎంత తీసుకుంటారో అడిగి రసీదులో రాయించుకోవచ్చు. జమ్మలమడుగు, తాడిపత్రి, నంద్యాల వంటి పట్టణాల్లో ఆ పని చేయించి రసీదు తెస్తే ఖర్చు చెల్లిస్తామని ముందే ఒప్పుకుంటే, డ్రైవరుకు వంక దగ్గర ఆగాల్సిన అవసరం రాదు.